ఎదురింటి వెలుగు

కొలిమిలో ఉక్కు మాగిన పెర్సిమన్ పండులా ఎర్రటి నారింజ రంగుకు తిరిగిన క్షణంలోనే కత్తిని నీళ్లలో ముంచాలి. ఆ రంగు చీకట్లోనే తెలుస్తుంది. అందుకే కత్తులు చేసే కుమెజో నలభై ఏళ్లుగా రాత్రిళ్లే తలుపులు మూసుకుని పనిచేస్తున్నాడు. ఎదురింటి హమాదా తన గుమ్మం ముందు, డబ్బులు వేస్తే కూల్‌డ్రింకులూ చల్లటి టీ ఇచ్చే యంత్రం పెట్టించాక, దాని వెలుగు తలుపు సందుల్లోంచి దూరి ఆ రంగును మరుగుపరిచింది. మూడు కత్తులు పగిలాయి. చేపలవాడికి రేపు ఇవ్వాల్సిన నాలుగోదే మిగిలింది.

“ఆ దీపం ఆర్పవయ్యా హమాదా.”

“ఆర్పితే ఎవరు కొంటారు పెద్దాయనా? కళ్లజోడు మార్చుకో.”

కుమెజోకు ఒళ్లు మండింది. భార్య ఇసోనో వెళ్లి యంత్రానికి బొంత కప్పింది. ఈసారి కత్తి పగలలేదు.

“దాహమేస్తోంది, ఓ చల్లటి టీ పట్రా,” అన్నాడు కుమెజో చెమట తుడుచుకుంటూ.

“ఎక్కణ్ణుంచి? బొంత కిందనుంచా?”

“ఇంకెక్కణ్ణుంచి, ఆ దరిద్రప్పెట్టెలోంచే.”