నిలబడ్డ బండికి మసెక్కడిది?

రక్తదానం బండి నడిపే ఆయన్ని వర్క్‌షాపులో అందరూ "ఎందుకు బావ" అంటారు. అక్కడి పెద్ద మెకానిక్ ఈయన భార్యకు సొంత తమ్ముడు, అలా బావ అయ్యాడు. ఏది చూసినా "ఎందుకు?" అని అడగందే ఊరుకోడు, అలా ఎందుకు బావ అయ్యాడు. గరిటె తిప్పి ఆపితే టీపొడి గిన్నె అంచులకు పోకుండా మధ్యలోనే ఎందుకు కుప్పపడుతుందని ఒక రోజంతా అందరి బుర్రలూ తిన్న ఘనుడు.

అంతటివాడికీ ఒక్క విషయంలో మాత్రం ప్రశ్నల్లేవు. ఇన్ని కిలోమీటర్లకు ఇంజిన్ ఆయిల్ మార్చాలని బండితో వచ్చిన పుస్తకంలో ఉంది. మీటరులో ఆ అంకె కనిపించిన రోజు జోరున వాన కురుస్తున్నా సరే బండి కింద దూరేవాడు. పాత నూనె దించి, ఫిల్టరు మార్చి, కొత్తది పోసి, పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ బయటికొచ్చేవాడు. ఆ పని ఇంకొకరి చేతికి ఇస్తే ఒట్టు.

అలాంటి బండి ఒక ఉదయం స్టార్టవడానికి మొరాయించింది. బావమరిది కింది నట్టు విప్పాడు. ధారగా పడాల్సిన నూనె నల్లగా, చిక్కగా, బద్ధకంగా పళ్ళెంలోకి జారింది. అతను దాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"బావా, కోప్పడకు. కిందటిసారి ఆయిల్ నిజంగానే మార్చావా?"

"మార్చకపోవడమేంట్రా?"

"కొత్త డబ్బా బయట అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. ఆఫీసుకి నేను రిపోర్టు రాయాలి. ఏమని రాయను?"

ఎందుకు బావకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒక ఎత్తు. తాను దగ్గరుండి స్కూటరు నేర్పించిన కుర్రాడే తనను దొంగ అనుకోవడం ఇంకో ఎత్తు. నాలుగు తిడదామని నోరు తెరిచాడు కూడా. ఈలోగా పళ్ళెంలోని ఆ నల్లటి జిడ్డు మీద చూపు పడింది. ఇక మనసు ఆగలేదు.

"నేను మార్చాన్రా. మార్చినా ఇంత మసి ఎక్కణ్ణుంచి వచ్చింది? అది తేలేదాకా రిపోర్టు ఆపు."

బావమరిది అయిష్టంగానే ఒప్పుకున్నాడు. కొత్త నూనె ఈసారి తనే పోసి, వడకట్టే కాగితాల కట్ట ఒకటి ఇచ్చాడు. రోజూ సాయంత్రం ఇంజిన్లో నూనె మట్టం చూసే కడ్డీతో ఒక్కో కాగితం మీద ఒక్కో చుక్క వేసి, ఆరబెట్టమన్నాడు.

ఎందుకు బావ ఆ కాగితాలను తేదీ వేసి వంటగది గోడకు వరసగా అంటించడం మొదలుపెట్టాడు.

"గోడకేమైనా మశూచి వచ్చిందా?" అంది భార్య.

"చదువుకుంటున్నాను, కదిలించకు."

నిజంగానే చదువుకుంటున్నాడు. కొన్నాళ్ళు మరకలు లేత గోధుమరంగులో ఉన్నాయి. తర్వాత బూడిదరంగుకు తిరిగి అంచులదాకా పాకాయి. పుస్తకం చెప్పిన దూరంలో సగమైనా తిరగకముందే, ఒక సాయంత్రం మరక మధ్యలో నల్లటి ముద్ద నిలిచి చుట్టూ అంచు తేటగా కనిపించింది. నూనె బాగుపడిందని సంబరపడిపోయి, కాగితాలన్నీ ఊడబీక్కుని వర్క్‌షాపుకు పరిగెత్తాడు.

బావమరిది నవ్వేశాడు. "బాగుపడటం కాదు బావా, చేతులెత్తేసింది. ఓపిక ఉన్నన్నాళ్ళూ నూనె మసిని తనతోపాటు అంచుదాకా మోసుకుపోతుంది. ఇప్పుడు మోయలేక మధ్యలో దింపేసి, తనొక్కతే ముందుకు పోయింది."

"ఇంత తొందరగానా? మీటరు ఇంకా సగం కూడా తిరగలేదే!"

కాగితాలు బల్ల మీద పరిచారు. బండి హైవే మీద దూరం వెళ్ళొచ్చిన రోజుల్లో మరక పెద్దగా ముదరలేదు. కాలేజీల్లో శిబిరం పెట్టిన రోజుల్లోనే ఒక్కసారిగా నల్లబడింది.

"అదేంట్రా, శిబిరం రోజు బండి గేటు దగ్గర అంగుళం కదలదు కదా."

"బండి కదలదు. మరి ఇంజిను?"

ఎందుకు బావ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. లోపల రక్తం ఇచ్చేవాళ్ళకు ఏసీ, రక్తం దాచే ఫ్రిజ్జు. అవి నడవడానికి పొద్దున తాళం తిప్పితే సాయంత్రందాకా ఇంజిను ఆగదు. బరువు లాగకుండా ఊరికే తిరిగే ఇంజిను సరిగ్గా వేడెక్కదు. డీజిలు సగం సగం కాలి ఆ మసి నూనెలోకి దిగుతుంది. మీటరు మాత్రం ఆ గంటల్ని లెక్కలోకే తీసుకోదు. ఇన్నేళ్ళూ తాను ఆ అంకెను దేవుడి మాటలా నమ్మి, ఒక్కసారైనా ప్రశ్నించనందుకు ఆయనకు తన మీద తనకే నవ్వొచ్చింది.

"ఇకనుంచి కిలోమీటర్లు కాదు బావా, ఇంజిను తిరిగిన గంటల్ని బట్టి మారుద్దాం. నీ తప్పేం లేదని ఈ రోజే రాసేస్తాను."

"సరే. ఈ కాగితాలే లేకపోతే ఏం రాసేవాడివి?"

బావమరిది తల దించుకున్నాడు. "అమ్ముకున్నావనే రాసేవాణ్ణి బావా."

ఆ మాట సూటిగా తగిలింది. కనీసం అబద్ధం చెప్పలేదని కూడా అనిపించింది. ఎందుకు బావ కాగితాలన్నీ పోగుచేసి కట్ట కట్టాడు.

"చేతులు కడుక్కో. మీ అక్క నిన్ను భోజనానికి తీసుకురమ్మంది. నువ్వు నన్ను అనుమానించిన సంగతి ఆవిడకు తెలీదు," అన్నాడు. "నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు."