ఖాసిం మామకు టర్కీ గుర్రాలు చూపించి...

నేను నోరు మూసుకోని ఉండింటే మొన్న ఆదివారం జమ్మలమడుగు బజార్లో ముగ్గురం కుంటుకుంటా నడిచే పని ఉండేది కాదప్పా! ముగ్గురంటే నేను, ఖాసిం మామ, ఆయన గుర్రం రాణి.

చిన్నప్పుడు ఖాసిం మామ జట్కాలోనే నేను బడికి పోయింది. ఆటోలొచ్చినాక జట్కా మూలపడింది. ఆయన ఆఖరి గుర్రమే ఈ రాణి. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళు పోయినాయి, దానికి ముసలితనం వచ్చింది. "నేను పోతే దీన్నెవురు చూస్తారు టీచరమ్మా? అమ్మితే కసాయోళ్ళ చేతిలో పడతాది" అని ఒకటే దిగులు.

నేను ఊరుకుంటినా? ఫోన్ తీసి వీడియో చూపించినా. టర్కీలో ఒక మంచుకొండ కింద వందల గుర్రాలు దుమ్ము లేపుకుంటా పరిగెత్తాండాయి.

"ఎవురివమ్మా ఇవి?"

"ఎవురివీ కాదు మామా! ఆడ గుర్రమంటే ప్రాణమంట. వాళ్ళ తాతలు గుర్రాల మీదనే దేశాలు తిరిగినారంట. ట్రాక్టర్లొచ్చి పని లేకపోతే కొండల్లోకి వదిలేసినారంట. ఇప్పుడు మందలు కట్టి ఫ్రీగా బతుకుతాండాయి. యిల్కి గుర్రాలంటారు."

మామ ఫోన్ కండ్ల దగ్గరికి పెట్టుకోని చూసినాడు. కండ్లు తుడుచుకున్నాడు. "ఊర్లో మమ్మల్ని తురకోళ్ళంటారు గదమ్మా. సరే, ఆ టర్కీ తురకోళ్ళ మాదిరే చేద్దాం పా."

ఆదివారం నేను చర్చికి పోయొచ్చినాక రాణిని పెన్న ఏటి ఇసుకలోకి తోలుకపోయినాం. మామ కళ్ళెం తీసి, దాని మెడ పట్టుకోని ఏడ్చినాడు. "పో రాణీ! ఇంగ నువ్వు ఫ్రీ!" అని నేను స్పీచ్ కూడా ఇస్తిని. అది నా హ్యాండ్‌బ్యాగు వాసన చూసి ఆడనే నిలబడింది.

మామను స్కూటీ ఎక్కించుకోని బయల్దేరినా. అద్దంలో చూస్తే వెనకాలే వస్తాంది! స్పీడు పెంచినా. అదీ పరుగందుకుంది. జూలు ఎగురుతాంది, దుమ్ము లేస్తాంది, అచ్చం వీడియోనే!

"చూడు మామా, ఎంత సంతోషంగా పరిగెత్తాందో!"

"అది సంతోషం కాదమ్మా! వదిలేసి పోతాండామని భయం! ఆపు తల్లీ, ఆపు!"

గబుక్కున బ్రేకు వేసినా. ఇసుకలో బండి జారింది. ఇద్దరం కిందపడితిమి. మమ్మల్ని తొక్కకుండా పక్కకు తిరగబోయి రాణి కాలు మడతపడి కూలింది. అట్ల పడి కూడా మెల్లగా లేచి, కుంటుకుంటా వచ్చి, మామ తల మీద మూతి పెట్టింది.

బజారెంట ముగ్గురం కుంటుకుంటా పశువుల డాక్టరు దగ్గరికి పోయినాం. ఆయన చూసి, "ఎముక ఇరగలేదు గానీ, ఇంగ ఇది సరిగ్గా నడవదు. ఈ వయసులో దీన్ని ఎవురు పరిగెత్తించినారు?" అని అరిచినాడు.

నేను నోరు తెరిచేలోపలే "నేనే సార్" అన్నాడు మామ.

ఇంటికొచ్చి వీడియోలో మిగతాది చూస్తి. అట్ల వదిలేసిన గుర్రాలు చలికి, ఆకలికి శానా చచ్చిపోయినాయంట. బతికి బయటపడినవాటి పిల్లలే ఆ మందలంట. నేను చూసింది మొదటి రెండు నిమిషాలే!

ఇప్పుడు రోజూ బడికి పోయే ముందు రాణికి ఉలవలు ఉడకబెట్టి తీసకపోతాండా. స్కూటీ సౌండు వింటే చాలు, గోడ దిక్కు తిరుక్కుంటాది.

ఇరవై ఏండ్లుగా సోషల్ పాఠాలు చెప్తాండా. నేను చెప్పింది చెప్పినట్టు చేసినోడు ఖాసిం మామ ఒక్కడే. ఆ ఒక్కనికీ తప్పు పాఠమే చెప్తిని!