ఆ బనియన్‌లో కొట్టుకున్నది ఎవరి గుండె?

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. భయమేసి కాదు, విసుగొచ్చి. మేం చర్చికి వెళ్ళే కుటుంబమే, రోజూ ప్రార్థన చేసుకునేవాళ్ళమే. అయినా ఇంట్లో ఏ బల్బు ఆరిపోయినా ముందు వైరు చూసే మనిషిని నేను. ఇప్పుడు రాస్తున్నది కూడా దెయ్యం గురించి కాదు. దేని గురించో నాకు సరిగ్గా తెలియదు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. భిలాయిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాణ్ణి. అమ్మా నేనూ ఆ ఊళ్ళోనే కోహ్కాలో ఉండేవాళ్ళం. మా నాన్న కొన్నేళ్ళ ముందే, స్టీల్ ప్లాంటులో పనిచేస్తుండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకుని, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. అంతకుముందు ఒక్కసారి కూడా నొప్పి అనలేదు.

సమాధి దగ్గర మా పెద్దమ్మ, అంటే అమ్మకి సొంత అక్క, అందరూ వింటుండగా ఒక మాట అంది. "పక్కనే ఉన్నావు కదే, నీకు తెలీనేదా?"

అమ్మ తలెత్తలేదు. ఆ రోజు నుంచి అక్కతో మాట్లాడటం మానేసింది. పెద్దమ్మ ఉండేది మరోదాలో, కొడుకు దగ్గర. స్కూటర్ మీద ఎంతో దూరం కాదు. అయినా ఏళ్ళు గడిచిపోయాయి. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఇద్దరూ చెరో వైపు కూర్చునేవారు.

నాన్న పోయిన తీరు నా మనసులోంచి పోలేదు. ఒంటిమీద వేసుకునే బట్టే గుండె లయని కనిపెడుతూ ఉంటే బాగుండునని అనుకునేవాణ్ణి. కాలేజీలో ప్రాజెక్టుగా అలాంటి బనియన్ ఒకటి మొదలుపెట్టాను. సన్నటి లోహపు పోగులు కలిపి నేసిన గుడ్డని ఛాతీ దగ్గర ముక్కలుగా కుట్టాలి. ఆ ముక్కల నుంచి తీగలు నడుము దగ్గరున్న చిన్న డబ్బాలోకి వెళ్తాయి. గుండె కొట్టుకోవడం అందులో నమోదవుతుంది. తరవాత కంప్యూటర్‌కి తగిలిస్తే గీతలా కనిపిస్తుంది, కాగితం మీద అచ్చు తీసుకోవచ్చు. ఆ గుడ్డ ముక్కలు కుట్టి పెట్టింది అమ్మే.

ముందు నేను తొడుక్కున్నాను. నా గీత బాగా వచ్చింది. నాతో పనిచేసే తివారీ తొడుక్కున్నాడు. ఆసుపత్రిలో తీసిన అతని ఈసీజీతో పోల్చాం, సరిపోయింది. ఆడవాళ్ళ మీద కూడా పరీక్షించాలని అమ్మని అడిగాను. జాకెట్టు లోపల వేసుకుని వంట చేసుకుంది, బట్టలు ఆరేసింది, వీధి చివర కూరగాయలు కొనుక్కొచ్చింది.

సాయంత్రం గీత చూసి కంగారుపడ్డాను. కాసేపు బాగా నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగిపోతోంది. తిన్నగా, చదునుగా పోయి, ఎన్నో సెకన్లకి మళ్ళీ ఒక దెబ్బ, ఆ తరవాత మామూలుగా. రోజులో అలా ఎన్నోసార్లు. గుండె అంతసేపు ఆగితే మనిషి నిలబడలేదు. అమ్మ ఆ సమయంలో చపాతీలు కాలుస్తోంది.

"కళ్ళు తిరిగాయా? ఎక్కడైనా తూలావా?" అని అడిగాను.

"నాకేటైందిరా? బండలా ఉన్నాను" అంది.

మర్నాడే పక్కనున్న దుర్గ్‌లో గుండె డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. ఈసీజీ బాగుంది. రోజంతా ఒంటికి తగిలించి ఉంచే పెట్టె పెట్టారు, అందులోనూ ఒక్క లోపం లేదు. నా కాగితం చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి మరీ చూశారు. గుండెకి అందాల్సిన కరెంటు మధ్యలో తెగిపోతోందనీ, ఈ మనిషి ఎవరైనా సరే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలనీ హిందీలో చెప్పారు. ఇది మాత్రం మీ అమ్మగారిది కాదన్నారు.

అమ్మదేనని పట్టుబట్టాను. పాపం, ఓపిక ఉన్న మనిషి. అమ్మకి బనియన్ తొడిగించి, దాంతోపాటే ఈసీజీ మెషీన్ కూడా పెట్టించారు. ఒకే మనిషి, ఒకే సమయం. మెషీన్ గీత ఎక్కడా ఆగలేదు. నా బనియన్ గీత రెండుసార్లు ఆగింది.

"ఆప్ కీ మెషీన్ గలత్ హై, భాయ్" అని, తప్పు నా మెషీన్‌దేనని నవ్వి పంపేశారు.

నేనూ అదే అనుకున్నాను. తీగలు మార్చాను. డబ్బా విప్పి మళ్ళీ బిగించాను. గుడ్డ ఉతికి చూశాను. నేను తొడుక్కుంటే ఏమీ లేదు. తివారీ తొడుక్కుంటే ఏమీ లేదు. అమ్మ తొడుక్కోగానే మళ్ళీ అదే ఆగడం. నాకు పిచ్చెక్కినట్టయింది.

ఆ కాగితాలు భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"ఇలా ఆగినప్పుడు మనిషికేటవుద్ది?"

"స్పృహ తప్పుతుంది. పడిపోతారు."

ఆమె గీత చదునైన చోట వేలు పెట్టి చూసింది. తరవాత చీర మార్చుకుని వచ్చింది.

"పద, మరోదా ఎల్దాం."

"ఎందుకమ్మా?"

"ఏటో నాకే తెలీదు. ఇది తొడిగినకాడి నుంచీ అప్పే గుర్తొస్తంది."

మావైపు అక్కని అప్ప అంటారు. అమ్మ నోట ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. ఇంకేమీ అడగకుండా స్కూటర్ తీశాను.

పెద్దమ్మే తలుపు తీసింది. నుదుటి మీద పాత దెబ్బ, పచ్చగా మారిన కమిలిన మచ్చ. మమ్మల్ని చూసి తలుపు పట్టుకునే నిలబడిపోయింది.

"ఏటే, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?"

"నుదురికేటైంది అప్పా?" అంది అమ్మ.

"బాత్రూంలో జారేను."

"ఎన్నిసార్లు జారేవు?"

పెద్దమ్మ తలుపు వదిలి దారిచ్చింది. లోపల కూర్చున్నాక, మెల్లగా బయటపెట్టింది. నిలబడి ఉండగానే చీకటి కమ్మేస్తోందట. పడిపోయి, మళ్ళీ తనే లేస్తోందట. కొడుకు డ్యూటీలో ఉంటాడు, కోడలికి చెబితే కంగారుపడుతుందని దాచింది. నీరసమే అనుకుంది. టీ పెడతానని లేచి, రెండడుగులు వేసి, మాట మధ్యలో ఆగిపోయింది. కళ్ళు పైకి తేలిపోయాయి. కింద పడకుండా అమ్మ రెండు చేతులా పట్టుకుంది. "అప్పా, అప్పా" అని అమ్మ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆటోలో దుర్గ్ తీసుకెళ్ళాం. మానిటర్ తగిలించిన కాసేపటికే తెర మీద గీత చదునైపోయింది, మళ్ళీ లేచింది. అదే డాక్టరు. నా దగ్గరున్న కాగితం అడిగి తీసుకుని, ఆసుపత్రి గీత పక్కన పెట్టారు. ఆగే ముందు రెండు దెబ్బలు దగ్గరగా పడటం, లేచేటప్పుడు మొదటి దెబ్బ వంకర, అన్నీ ఒకేలా ఉన్నాయి.

"ఈమెదని ముందే చెప్పొచ్చు కదా. అబద్ధం ఎందుకు చెప్పారు?" అన్నారు.

పెద్దమ్మ ఆ బనియన్ని కంటితో కూడా చూడలేదని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

పెద్దమ్మకి పేస్‌మేకర్ పెట్టారు. బతికింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అమ్మ ఆమె మంచం పక్క నుంచి కదల్లేదు. ఇద్దరూ పాత మాట ఎత్తినట్టు లేదు. ఒకసారి నేను వెళ్ళేసరికి అమ్మ ఆమెకి జడ వేస్తోంది, పెద్దమ్మ "అంత గట్టిగా లాగకే" అని కసురుతోంది.

ఇక్కడితో అయిపోతే యాదృచ్ఛికం అని సరిపెట్టుకునేవాణ్ణి. అన్నీ సర్దుకున్నాక, మనసు ఆగక, అమ్మకి ఇంకొక్కసారి బనియన్ తొడిగించాను. పెద్దమ్మ మరోదాలో ఉంది, మేం కోహ్కాలో.

ఈసారి గీత ఎక్కడా ఆగలేదు. కానీ కొన్ని దెబ్బలకి ముందు సూదిలా నిటారుగా ఒక సన్నటి గీత ఉంది. మామూలు గుండె అలాంటిది గీయదు. ఎవరిదో చెప్పకుండా డాక్టరుకి చూపించాను.

ఆయన ఒక్క చూపు చూసి, ఆ సూది గీత మీద వేలు పెట్టి, "పేస్‌మేకర్ బాగా పనిచేస్తోంది. మీ పెద్దమ్మ బాగున్నారా?" అని అడిగారు.

బాగుందన్నాను. ఇంకేం చెప్పను?

ఇంటికొచ్చి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. బనియన్ ఒళ్ళో పెట్టుకుని, తను కుట్టిన ముక్కల కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే విప్పేసింది. ఆపబోయాను.

"ఒద్దురా. అప్ప గుండె ఆగిన రోజు ముందుగా నాకే తెలవాలా? నా వల్ల కాదు" అంది.

తరవాత వేరే గుడ్డతో, వేరే దర్జీ చేత ఇంకో బనియన్ కుట్టించాను. చాలామంది తొడుక్కున్నారు. ఎవరి గుండె వాళ్ళదే చూపించింది. తివారీ అయితే మొదటి డబ్బాలో ఏదో లోపమని ఇప్పటికీ అంటాడు. ఆ లోపం ఏమిటని అడిగితే మాత్రం చెప్పలేడు. నేనూ కనిపెట్టలేకపోయాను.

అమ్మని మాత్రం ఆ కొత్త బనియన్ తొడుక్కోమని ఎప్పుడూ అడగలేదు. పెద్దమ్మ గుండె మళ్ళీ కనిపిస్తుందని భయమో, ఈసారి కనిపించదేమోనని భయమో, నాకే తెలియదు.