గఫూర్ సాబ్ ఖాళీ బండి

గఫూర్ సాబ్‌కు ఒకే ఒక్క పిచ్చి. రోజూ పొద్దున ఏడింటికి ఎద్దులబండి కట్టి, అందులో ఏమీ వేయకుండా, పనేమీ లేకుండా పోయి రావడం.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కన ఆయనకు ఎనిమిదెకరాలుండేవి. ప్లాట్లు వేసేవాళ్లకు అమ్మేశాడు. ఆ చుట్టుపక్కల పొలాలమ్మినవాళ్లు కార్లు కొన్నారు, మేడలు కట్టారు, ఒకాయన పళ్లన్నీ కొత్తవి పెట్టించుకున్నాడు. గఫూర్ సాబ్ మాత్రం బండికి కొత్త చక్రాలు చేయించాడు. టైర్లు కాదు, ఇనుప పట్టా బిగించిన కొయ్య చక్రాలు. ఈ కాలంలో వాటిని చేసే వడ్రంగి కోసం నెల్లాళ్లు తిరిగాడు.

ఈ సంగతులేవీ తెలియకుండా భీమసేనరావు ఆ వెంచరులో ప్లాటు కొన్నాడు. మంత్రాలయం దగ్గర బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అక్కడ లేచిన మొదటి ఇల్లు ఆయనదే. గృహప్రవేశమైన మర్నాడు కాఫీ గ్లాసుతో గేటు దగ్గరికి వచ్చేసరికి, పక్క ప్లాట్ల మీదుగా గడగడమంటూ బండి. పక్కనే నలభై అడుగుల తారురోడ్డు ఖాళీగా ఉంది. బండి దానివైపు కన్నెత్తి కూడా చూడకుండా నంబరు రాళ్ల మధ్య అడ్డదిడ్డంగా పోతోంది. అందులో పూచికపుల్ల లేదు. తోలే పెద్దమనిషి మాత్రం సరుకు జారిపోతుందేమోనని మాటిమాటికీ వెనక్కి చూసుకుంటున్నాడు.

"ఏం సాబ్, ఏం లోడు?" అన్నాడు భీమసేనరావు.

"గాలి సార్. ఎమ్మిగనూరులో ఉక్క ఎక్కువుండాదంట."

మర్నాడు కూడా అడిగాడు.

"ఎండ సార్. మద్దికెరలో తక్కువైందని కబురు పంపినారు."

మూడోనాడు, "మొన్న కురవని వాన సార్. దేవనకొండకు వాపస్ చేస్తాండా."

నాలుగోనాడు ఎద్దుల్ని ఆపి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "జొన్నగిరి బంగారం. అమ్మగారికి కూడా సెప్పొద్దండి."

అమ్మగారికి, అంటే మాస్టారి భార్య పద్మాబాయికి, ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆమె కిటికీలోనే ఉంది. "ఆయన పిచ్చి ఆయనది. మీ పిచ్చేమిటి, రోజూ గేటు దగ్గర నిలబడి అడగడం?" అంది. ఆమె అప్పటికే గఫూర్ సాబ్ భార్య సుగ్రాబీని అడిగి వచ్చింది. "ఇంట్లో కూసుంటే నా తల తింటాడమ్మా. బండెక్కితే ఎద్దుల తల తింటాడు. పోనీలే అని ఇడిసిపెట్టినా" అని చెప్పిందట సుగ్రాబీ.

లెక్కల మాస్టారికి జవాబు దొరకని లెక్క ఉంటే అన్నం సహించదు. ఎద్దులకు వ్యాయామమా అనుకున్నాడు. అమ్ముకున్న నేల మీద మమకారమా అనుకున్నాడు. మమకారమైతే పొలమంతా తిరగాలి గదా, ఒకే గీత మీద పోవడమెందుకు? వెంచరువాళ్లు మిషను పెట్టి నేల చదును చేయించిన మర్నాడు గఫూర్ సాబ్ ఒక్కసారి కాదు, నాలుగుసార్లు తిరిగాడు. వానలో గొడుగేసుకుని తిరిగాడు. బక్రీదు పొద్దున నమాజు నుంచి వచ్చి, కొత్త బట్టలతోనే తిరిగాడు.

"టైర్లు వేయించుకోరాదా సాబ్? నడుం విరుగుతుంది."

"టైరు బండి మెత్తగా పోతాది సార్. నాకు సరిపడదు."

ఇక ఉండబట్టలేక ఒకరోజు భీమసేనరావు బండి వెనకాలే నడిచాడు. వెంచరు దాటగానే శాంతమ్మ ఉల్లి చేను. రెండున్నర ఎకరాలు, ఒక బోరు. బండి ఆ గట్టు దాకా పోయి ఆగింది. శాంతమ్మ కొడవలి పట్టుకుని లేచింది.

"వచ్చినావా నాయనా. నీ ఎద్దులు నా గట్టు మీద మూతి పెడితే కాళ్లిరగ్గొడతా."

గఫూర్ సాబ్ ఆమెకు జవాబివ్వలేదు. ఎద్దుతో అన్నాడు. "ఇనింటివా? ఈ పొద్దు గొంతు తగ్గింది. జలుబు సేసినట్టుండాది."

ఎప్పుడో పదకొండేళ్ల కింద ఈయన ఎద్దులు ఆమె జొన్న మేశాయి. అప్పట్నుంచి ఆమె తిట్లే తప్ప ఇద్దరికీ మాటల్లేవు. బండి తిరిగొచ్చింది. భీమసేనరావు కూడా తిరిగొచ్చాడు, వెళ్లినప్పటికన్నా ఎక్కువ అయోమయంతో. పొద్దున్నే తిట్లు తినడానికి బండి కట్టుకుని పోయే మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు.

పదమూడు నెలలు ఇలాగే గడిచాయి. ఒకనాడు వెంచరు మేనేజరు విజయ్ కాగితం పట్టుకుని వచ్చాడు.

"మన వెంచరు సుట్టూ కాంపౌండు గోడ కడతాండాం సార్. పాత నక్షలో ఈడ ఏదో బండిదారి ఉండాదని శాంతమ్మ అర్జీ పెట్టింది. రేపు సర్వేయరు వస్తాడు. ఈడ ఏ బండీ పోదని మీరొక సంతకం పెట్టండి."

"గోడ కడితే ఆమె చేనికి ఎట్లా పోవాలి?"

"మనిషి నడిసేంత సందు ఇడుస్తాం."

"ట్రాక్టరు?"

విజయ్ నవ్వాడు. "ట్రాక్టరు పోకుంటే ఉల్లిగడ్డ బయటికి రాదు. బయటికి రాకుంటే ఆమే మాకు అమ్ముతాది సార్. ఇంగెవురు కొంటారు?"

భీమసేనరావు పెన్ను మూత తీశాడు. తీసినవాడు అలాగే ఉండిపోయాడు. ఇనుప చక్రాలు. ఒకే గీత. చదును చేసిన మర్నాడు నాలుగు తిరుగుళ్లు. పదమూడు నెలల లెక్క ఒక్కసారిగా తెగింది. ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు.

మర్నాడు సర్వేయరు నక్ష పరిచాడు. అందులో బండిదారి గుర్తుగా చుక్కల గీత ఉంది.

"అది తాతల కాలం నాటిది సార్, ఇప్పుడెవురూ పోరు" అన్నాడు విజయ్.

సర్వేయరు నేల చూశాడు. నంబరు రాళ్ల మధ్య జానెడు లోతున రెండు చక్రాల జాడలు, చుక్కల గీత ఎటు వంకర తిరిగితే అటే తిరిగి, నేరుగా శాంతమ్మ గట్టు దాకా పోయాయి.

"ఎవరు పోతారు ఈ దారిన?"

"రోజూ బండి పోతుంది. పొద్దున ఏడింటికి. పదమూడు నెలలుగా నేను చూస్తున్నాను, రాసిస్తాను" అన్నాడు భీమసేనరావు.

"ఏం తోలతారు బండిలో?"

"అదొక్కటి అడక్కండి సార్."

గోడ వచ్చింది గానీ, దారి దగ్గర ట్రాక్టరు పట్టేంత ఖాళీ వదిలి వచ్చింది.

సర్వేయరు వచ్చిపోయిన సాయంత్రమే భీమసేనరావు గఫూర్ సాబ్‌ను కాఫీకి పిలిచి నిలదీశాడు. "నాకైనా ఒక్క మాట చెప్పకూడదా సాబ్?"

గఫూర్ సాబ్ గ్లాసు కింద పెట్టాడు. "నా భూమి నేనమ్ముకుంటి సార్. ఆమె దారి కూడా దాంట్లో కలిసిపోయిందని కాగితాలైనాంక తెలిసింది. ఆమె దారి అమ్మేదానికి నేనెవుర్ని?"

"ఆమెకైనా చెప్పాల్సింది."

"సెప్తే మర్యాదగా మాట్లాడతాది సార్. ఈ వయసులో అది నేను తట్టుకోలేను. సుట్టూ ఉండే చేన్లన్నీ ప్లాట్లయిపాయె. కొట్లాడేదానికైనా పక్కన ఒక రైతుండల్ల గదా."

నెల తర్వాత శాంతమ్మ ఉల్లిగడ్డ ట్రాక్టరెక్కింది. బస్తాల మీద ఆమె, ఎదురుగా అదే దారిలో గఫూర్ సాబ్ బండి. గేటు దగ్గరున్న భీమసేనరావు ఆమెకు అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాడు. గఫూర్ సాబ్ కళ్లతోనే బతిమాలాడు. ఈయన నోరు మూసుకున్నాడు.

"ఓ సాబూ, పనీ పాటా లేకుండా దారికడ్డంగా బండి పెట్టుకోని ఏం సూస్తాండావు?" అంది శాంతమ్మ బస్తాల మీద నుంచి. "ఈ దారేమన్నా నీ సొంతమనుకుంటివా? తియ్యి పక్కకి."

గఫూర్ సాబ్ గబగబా దిగి ఎద్దుల్ని పక్కకు తోలాడు. ట్రాక్టరు రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా ఆమె తిడుతూనే ఉంది. ఆయన ఒక్క తిట్టు కూడా పోనివ్వకుండా నిలబడి విన్నాడు. ఎనిమిదెకరాలు అమ్మిన రోజున కూడా ఆ మొహంలో అంత సంతోషం ఎవరూ చూసి ఉండరు.