బావ టికెట్ నంబరు

నేను ఇప్పటికి రైల్వే ఆస్పత్రి ఆఫీసులో నాలుగు దరఖాస్తులు ఇచ్చాను. నాలుగింటికీ అందినట్టు ముద్ర వేశారు. జవాబు ఒక్కదానికీ రాలేదు. మొదటిదాన్ని గుమాస్తా చదవకుండానే టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. అది నేను మరిచిపోలేదు.

మా చెల్లెలి కూతురికి పందొమ్మిదేళ్లు. ఝపటాపూర్ నుంచి సైకిల్ మీద కాలేజీకి వెళ్తుంది. ఒకరోజు కాలేజీ మానేసి న్యూ సెటిల్‌మెంట్‌లో ఉన్న మా ఇంటికి వచ్చింది. మూడు వారాలుగా తెల్లబట్ట అవుతోందని, మూత్రానికి వెళ్తే మంటగా ఉందని నేల చూస్తూ చెప్పింది. తల్లికి చెబితే తండ్రికి తెలుస్తుంది. ఆ తండ్రి, మా బావ, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు.

"మావయ్యా, నువ్వొక్కడివే అరవవు. డాక్టరమ్మకి సూపించు. ఇంకెవలికీ తెలీకూడదు," అంది.

మాట ఇచ్చాను. ఆ జబ్బు ఎందుకు వచ్చిందని అడగలేదు. అది డాక్టరు అడగాల్సిన సంగతి.

రైల్వే వాళ్ల పిల్లలకి వైద్యం తండ్రి మెడికల్ కార్డు మీదే. పిల్ల బీరువాలోంచి దాన్ని దొంగతనంగా తెచ్చింది. లేడీ డాక్టరుకి చీటీ కావాలంటే, డిస్పెన్సరీ కిటికీలో కూర్చున్నావిడ ఎవరి తాలూకు అని అడిగింది. కార్డు చేతికిస్తే సరిపోయేది. నేను ముప్పై ఏళ్లు అదే వర్క్‌షాపులో చేసి రిటైరైనవాణ్ణి. అక్కడ మనిషికి పేరుకన్నా ముందు టికెట్ నంబరు, అంటే హాజరు నంబరు. అలవాటు కొద్దీ బావ నంబరు పైకి చెప్పేశాను. క్యూలో మా వెనక వర్క్‌షాపులో బావ సెక్షన్ వాళ్లే ఇద్దరున్నారు.

ఆవిడ ఆ నంబరునే తిరిగి చదివి, పిల్లని కిందికీ పైకీ చూసింది.

"పెళ్లయినట్టు లేదే. లేడీ డాక్టరేటికి అన్నయ్యా? ఏటి కంప్లైంటు? గట్టిగా సెప్పమను, రాసుకోవాల."

వెనక ఎవరో నవ్వారు. పిల్ల కార్డు లాక్కుని వెళ్లిపోయింది.

కిటికీ పక్కనే యువతీయువకులకు ఆరోగ్య సలహాలు అని బోర్డు ఉన్న గది ఉంది. తాళం. కిటికీ సందులోంచి చూస్తే విరిగిన కుర్చీలు కనిపించాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడిగితే, నాకేటి తెలుసు అంది ఆవిడ.

షిఫ్టు వదిలేసరికి బావకి తెలిసిపోయింది. కార్డు ఆయన ట్రంకుపెట్టెలోకి, సైకిల్ తాళంచెవి ఆయన జేబులోకి పోయాయి. రెండు నెలల తర్వాత పొత్తికడుపు నొప్పి, జ్వరం వస్తే మా చెల్లెలు బజారులో బెంగాలీ డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. ఇన్నాళ్లు ఏం చేశారని ఆవిడ తిట్టిందట. తిట్టాల్సింది మా చెల్లెల్ని కాదు.

పిల్ల కోలుకుంది. మా ఇంటికి మాత్రం రావడం లేదు. గుడి దగ్గర ఒకసారి ఎదురుపడితే పలకరించాను.

"ఆ కిటికీలో ఆవిడంటే పరాయిది. నంబరు నువ్వే సెప్పినావు కదా మావయ్యా," అని వెళ్లిపోయింది.

నా తప్పు నాలుగు దరఖాస్తుల్లోనూ మొదటి వాక్యంగానే రాశాను. ఇది ఐదోది. పద్దెనిమిది నిండిన పిల్ల తన పేరు మీద, తండ్రి నంబరు చెప్పకుండా, తలుపు మూసిన గదిలో డాక్టరుతో మాట్లాడొచ్చా, కూడదా? ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ముద్ర వేసి పంపించొద్దు. ఈసారి ఎవరో ఒకరు సంతకం పెట్టి జవాబు చెప్పండి.