రోమ్‌లో కూర్చునే చోట్లు

రోమ్ గురించి నేను చదివిందంతా నా మోకాలి కోసమే. ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఉండేవాళ్లం. ఆ చలికాలం నా భర్త నన్ను బేస్‌మెంట్ మెట్ల మీంచి తోసేశాడు. వాపు తగ్గింది గానీ, కాసేపు నడిస్తే మోకాలు మొరాయించేది. చర్చిలో అందరికీ మంచు మీద జారిపడ్డానని చెప్పాను.

ఎండాకాలం ఇండియా ప్రయాణం. ఆ టికెట్ మీదే దారిలో రోమ్‌లో రెండు రోజులు ఆగే వీలుంది. యూరప్ మీదుగా ఎవరు వెళ్లొచ్చినా, ఆదివారం ఆరాధన, భోజనాలు అయ్యాక చర్చి హాల్లో స్లైడ్లు వేసి చూపించడం మా తెలుగువాళ్లలో ఆనవాయితీ. అంతకుముందు ఏడాది, నేను అక్కా అని పిలిచే పెద్దావిడ రోమ్ చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నా భర్త కడుపు మండింది.

డైనింగ్ టేబుల్ మీద మ్యాప్ పరిచి ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీశాడు. పొద్దున్నే కొలోసియం, వెంటనే ఫౌంటెన్, ఆ వెంటనే కొండ మీది తోటలు, పెద్ద మెట్లు, చర్చిలు, మ్యూజియం. మధ్యలో భోజనం ఊసే లేదు. పాల డబ్బాకి కూడా కారెక్కే మనిషి. మ్యాప్‌లో బొటనవేలంత దూరం అతనికి దూరమే కాదు.

నాకు రోమ్ మీద ఏ మోజూ లేదు. వెనకబడితే నడివీధిలో కొడతాడు, ఎనిమిదేళ్ల కూతురు చూస్తుంది. నా భయమంతా అదే. అందుకే లైబ్రరీ నుంచి గైడ్‌బుక్ తెచ్చి కూర్చునే చోట్లు వెతికాను. ఎక్కడ బల్లలున్నాయి, ఏ చర్చి మధ్యాహ్నం మూసేస్తారు, ఏ కొండ మీదికి బస్సు వెళ్తుంది. డిగ్రీ పరీక్షలకి కూడా అంత చదవలేదు. రెండు రోజులకి, దగ్గర్లో కూర్చునే వీలున్న నాలుగు చోట్లు చూస్తే చాలని తేల్చాను.

"ఏమండీ, మధ్యాహ్నం చర్చిలన్నీ క్లోజ్ చేస్తారట. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకుందాం."

"నువ్వా నాకు ప్లాన్ చేసిపెట్టేది? పోయినేడు వెళ్లొచ్చినవాళ్లకంటే తక్కువ చూసొచ్చి అందరి ముందూ నా పరువు తీసుకోమంటావా?"

"నా మోకాలు..."

గైడ్‌బుక్ లాక్కుని దాంతోనే కొట్టాడు. అట్ట అంచు తగిలి కనుబొమ్మ చీలింది. మ్యాప్ మీద రక్తం పడింది. మ్యాప్ పాడుచేశానని మళ్లీ కొట్టాడు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ క్షణంలో కత్తి చేతికి అందితే పొడిచేసేదాన్ని. ఈ మాట రాయడానికి నాకేం సిగ్గు లేదు.

రోమ్‌లో ఎర్ర గీతల ప్రకారమే తిరిగాం. కొలోసియం దగ్గర వెనకబడితే జబ్బ పట్టుకుని ఈడ్చాడు. ఫౌంటెన్ గట్టు మీద కూర్చుంటే జడ పట్టి లేపాడు. పెద్ద మెట్ల మీద కూలబడితే కాలితో తన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ప్రతి చోటా చివర్లో కెమెరా తీసి "నవ్వు" అనేవాడు. నవ్వేదాన్ని.

తిరిగొచ్చాక స్లైడ్లు చూపించే మా వంతు ఆదివారం వచ్చింది. భోజనాలయ్యాయి, లైట్లు ఆర్పారు. "మా పాప చెప్తుంది. దానికన్నీ గుర్తే," అంటూ నా భర్త గర్వంగా ప్రొజెక్టర్ రిమోట్ అమ్మాయి చేతికిచ్చాడు.

అది తనకొచ్చిన తెలుగులో మొదలుపెట్టింది. "ఇది కొలోసియం. ఇక్కడ డాడీ మమ్మీని పుల్ చేశాడు."

ఎవరో నవ్వారు. బటన్ నొక్కింది.

"ఇది ఫౌంటెన్. ఇక్కడ మమ్మీ హెయిర్ లాగాడు."

నవ్వు ఆగిపోయింది. మళ్లీ నొక్కింది.

"ఇది స్టెప్స్. ఇక్కడ మమ్మీని కిక్ చేశాడు. తర్వాత మమ్మీ స్మైల్ చేసింది."

అతను దాని మీదికి చెయ్యెత్తాడు. ఆ చేతి నీడ తెర మీద నవ్వుతున్న నా మొహాన్ని కప్పేసింది. మోకాలి సంగతి మరిచిపోయి పరిగెత్తాను. మణికట్టు పట్టుకుని, నోటికి రక్తం తగిలేదాకా కొరికాను. అతను గావుకేక పెట్టాడు. విడిపించడానికి ఎవరూ రాలేదు.

అక్క లైటు వేసింది. నా కనుబొమ్మ మీది మచ్చ వైపు చూసింది. ఈసారి అబద్ధం చెబుదామన్నా మంచు లేదు. ఆవిడ కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టింది.

"పాపని తీసుకెళ్లి మా కార్‌లో కూర్చో అమ్మా," అంది.

వెళ్లి కూర్చున్నాను.