వదులు తీగ

పక్కింటి పెదనాన్న పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను లైబ్రరీలో కొత్త పుస్తకాలకు నంబర్లు అంటిస్తున్నాను. గురువారం, పదిన్నర. బజారు నుంచి కూరగాయలు తెచ్చి, సంచీ వంటింట్లో పెట్టి, వాకిట్లో పడవ పక్కన స్టూలు మీద కూర్చున్నారట. పెద్దమ్మ టీ తెచ్చేసరికి అయిపోయింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అప్పటికి మూడు వారాలుగా నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఏ తగువులోనూ నన్ను చివరి మాట అననివ్వని మనిషి, ఇందులోనూ అననివ్వలేదు.

ఈ సంచిక చదివే టాటానగర్ బారిడీహ్ వాళ్ళలో చాలామందికి ఆయన తెలుసు. కనీసం ఆదివారాల్లో ఆయన వాకిట్లో జామచెట్టుకంటే ఎత్తుగా లేచే స్తంభం తెలుసు. అదేమిటని ఆటోవాళ్ళు కూడా అడిగేవారు. మేము దాని పక్కింటి వాళ్ళం. మా నాన్నది, ఆయనది శ్రీకాకుళం వైపు ఒకే ఊరు. అంతకుమించి చుట్టరికం లేదు. ఆ చుట్టరికం మీదే నా ఆదివారాలన్నీ ఆయన తీసేసుకున్నారు.

ఆయన కార్ఖానాలో రిగ్గర్. బరువులకు ఉక్కుతాళ్ళు కట్టి, క్రేన్‌తో లేపించి, అనుకున్న చోట దింపించే పని. రిటైరైన ఏడాది విశాఖపట్నంలో పెళ్ళికి వెళ్ళి, పెళ్ళి సగంలో వదిలేసి బీచికి నడిచారు. అక్కడేదో క్లబ్బు షెడ్డు వెనక పాతబడిన తెరచాప పడవ ఒకటి విడిభాగాలుగా పడి ఉంది. రెండు సన్నటి పడవలు, వాటిని కలిపే రెండు అల్యూమినియం దూలాలు, మధ్యలో కూర్చోవడానికి బిగించే గట్టి గుడ్డ, ఒక స్తంభం, ఒక చాప. ఇంగ్లీషులో కాటమరాన్. ఆయన దాన్ని తెప్ప అన్నారు. పారేయబోతున్నామని వాళ్ళు అంటే, పారేయకండి అని ఈయన అన్నారు. నెల తిరక్కుండా అది ఖాళీగా తిరిగొస్తున్న లారీ ఎక్కి టెల్కో కాలనీ దాకా, అక్కణ్ణుంచి రెండు ట్రాలీల మీద మా వీధికి వచ్చింది.

“మా తాత తెప్పకి మూడు దుంగలు. దీనికి రెండే. అంతే తేడా” అన్నారు.

సముద్రానికి ఇంత దూరంలో ఆ తెప్ప ఎందుకని పెద్దమ్మ అడిగింది. డిమ్నా సరస్సులో నీళ్ళు లేవా అని ఆయన అడిగారు. ఒక్కసారి, చాప ఎత్తి, మోటారు లేకుండా, ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు వెళ్ళాలి. ఆయన కోరింది అంతే. చిన్నప్పుడు తాతతో తెప్ప మీద వెళ్తానని ఏడిస్తే, వచ్చే ఏడు వచ్చే ఏడు అంటూ ఆ తాత పోయాడట. పద్దెనిమిదేళ్ళకు ఈయన టాటానగర్‌లో రైలు దిగారు.

పడవతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఇరవై పేజీలు, అట్ట లేదు, చెమ్మకు ఉబ్బిపోయింది. నేను కాన్వెంటులో చదివానని వీధి అంతటికీ తెలుసు. అదే నా నేరం.

“గట్టిగా సదువు గుంటా. క్రేను మీదున్నోడికి వినపడాల.”

“క్రేన్ కహాఁ హై, పెదనాన్నా?”

“ఉందనుకో.”

నాకు నలుగురిలో గొంతు పెగలదు. క్లాసులో హాజరు పలికేటప్పుడు కూడా చెయ్యి ఎత్తి ఊరుకునేదాన్ని. అలాంటిదాన్ని వాకిట్లో నిలబెట్టి, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తుండగా, ముందు దూలాన్ని ఏ బోల్టుతో బిగించాలో అరిపించేవారు. నేను చదివింది తెలుగులో చెప్పాలి. చెప్పింది నోటుబుక్కులో రాయాలి, ఆయన మధ్యాహ్నం అన్నం తిన్నాక చూసుకోవడానికి. తెలుగు అక్షరాలు అమ్మమ్మ నేర్పినా, వాక్యం రాయడం నాకు ఆ నోటుబుక్కులోనే వచ్చింది. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ చేత్తోనే. ఇది ఆయన బతికుండగా చెప్పి ఉంటే, “అయితే పై వారం ఇంకో రెండు పేజీలు రాయి” అనేవారు.

ఇంత కష్టపడి చదివితే, ఆయన అందులో ఉన్నట్టు చేస్తారా అంటే, చేయరు. “అలాగని రాసేడా? సరే” అని, తన పద్ధతిలో చేసేవారు. నేను కట్టిన ముడి ఒక్కటి కూడా ఉంచేవారు కాదు. విప్పి, అచ్చం అదే ముడి మళ్ళీ కట్టేవారు.

“అదేగా నేనూ కట్టాను?”

“నువ్వు కట్టింది నాకేటి తెలుసు? నాను కట్టింది నాకు తెలుసు.”

దీన్ని మించింది ఇంకొకటి ఉంది. పొద్దుటి నుంచి కట్టిన పడవని సాయంత్రానికి పూర్తిగా విప్పేసేవారు. తెప్పను నీళ్ళలోంచి తెచ్చాక దుంగలు విడదీసి ఇసకలో ఆరబెడతారట, లేకపోతే నీళ్ళు తాగి బరువెక్కుతాయట. ఇది ఫైబర్ అని చెప్పాను. నీళ్ళు తాగదని చెప్పాను. అసలు నీళ్ళ మొహమే చూడలేదని కూడా చెప్పాను. “అలవాటు తప్పకూడదు” అన్నారు. దూలాలు గోడకు, తీగలు మేకుకు, బోల్టులు హార్లిక్సు సీసాలోకి. పై ఆదివారం మళ్ళీ ఒకటో పేజీ. ఇరవై పేజీల పుస్తకంలో పదమూడో పేజీ దాటడానికి మాకు వర్షాకాలం మొత్తం పట్టింది.

“మీ ఇద్దరూ ఒకే పాఠం ఎన్నిసార్లు సదువుతారు? పరీక్షెప్పుడు?” అనేది పెద్దమ్మ, మా ఇద్దరి ముందూ అటుకుల ఉప్మా పెడుతూ.

పద్నాలుగో పేజీలో అసలు గొడవ వచ్చింది. స్తంభాన్ని నిలబెట్టి ఉంచేవి మూడు ఉక్కుతీగలు. ముందుకొకటి, పక్కలకు రెండు. పక్క తీగలు కాస్త వదులుగా ఉండాలని ఆ పేజీ చెప్తుంది. చేత్తో తోస్తే స్తంభం తన చోట తాను అటూ ఇటూ తిరగాలి. తిరిగితేనే చాప గాలిని పట్టుకుంటుంది.

నేను చదివాను. ఆయన విన్నారు. నన్ను జాలిగా చూశారు.

“ఇది రాయక్కర్నేదు. ఒగ్గీ.”

“రాసుంది పెదనాన్నా.”

“ఢీలా తాడు అబద్ధం సెప్తాది గుంటా. పనిసేసినన్నాల్లూ ఒక్క తాడు ఢీలాగా ఒగ్గినేదు. ఒగ్గుంటే కింద ఉన్నోడి తలకాయ ఉండదు.”

“ఇక్కడ కింద ఎవరూ లేరు కదా.”

“నువ్వున్నావు.”

 ఆయన కార్ఖానా పద్ధతిలో పక్క తీగలకు మరతిప్పే బిగింపులు పెట్టి, ఇక తిరగనంత వరకు తిప్పారు. వేలితో మీటితే తీగ ఖంగుమని మోగింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. స్తంభాన్ని నేను రెండు చేతులా తోశాను. గోడను తోసినట్టుంది.

చలికాలంలో ఒక ఆదివారం పడవ డిమ్నాకు వెళ్ళింది. ఆయనతో పనిచేసి రిటైరైన నలుగురు రిగ్గర్లు వచ్చారు. నలుగురికీ నాలుగు అభిప్రాయాలు. గట్టంతా పిక్నిక్ జనం. చాప ఎక్కింది. మంచి గాలి, నా దుపట్టా నిలవడం లేదు. ఆయన ఒక్కరే ఎక్కి కూర్చున్నారు, లుంగీ పైకి కట్టి, లైఫ్ జాకెట్టు వేసుకుని. అవతలి గట్టుకేసి ఒకసారి చూసుకున్నారు.

పడవ ముందుకు వెళ్ళలేదు. చాప చెక్కలా నిలబడిపోయింది. పడవ పక్కకు, పక్కకు, ఒడ్డునున్న నాచులోకి జరిగింది.

“అంకుల్, కపడా సుఖా రహే హో క్యా?” అని ఎవడో అరిచాడు, బట్టలు ఆరేస్తున్నావా అని. గట్టు గట్టంతా నవ్వింది.

“గాలి నేదు” అన్నారు ఆయన, జుట్టంతా గాలికి లేచిపోతుండగా.

ఎందుకు కదలలేదో అక్కడ ఉన్నవాళ్ళందరిలో నాకొక్కదానికే తెలుసు. పద్నాలుగో పేజీ నా చేతిలోనే ఉంది. “తీగలు వదులు చెయ్యండి” అని ఒక్క మాట అరిస్తే చాలు. వర్షాకాలం అంతా ఆయన నాకు నేర్పింది ఆ ఒక్క పనే. నేను అన్నాను. నాకే వినపడలేదు. ఇంకోసారి అనబోయేసరికి జనం నాకేసి చూస్తున్నట్టు అనిపించి పుస్తకం మూసేశాను.

వెనక్కి వచ్చేటప్పుడు ట్రాలీ మీద ఆయన, “పుస్తకమే తప్పు” అన్నారు. నేను దిగిపోయి ఆటో ఎక్కాను. నా మీద నాకున్న కోపం కూడా ఆయన మీదే వేశాను. అది సులువు. పై ఆదివారం వెళ్ళలేదు. ఆ పై ఆదివారం గోడ మీంచి “గుంటా” అని రెండుసార్లు పిలిచారు. పని ఉందని అమ్మచేత చెప్పించాను.

కానీ ఒకటి చేశాను. ఆయన రాయక్కర్లేదన్న పద్నాలుగో పేజీని తెలుగులో ఒక కాగితం మీద రాశాను. బొమ్మ కూడా వేశాను. పెద్దమ్మ కూర పంపిన గిన్నెను తిరిగి ఇచ్చేటప్పుడు అందులో పెట్టి పంపాను. జవాబు రాలేదు. ఎలాగూ చదవరులే అనుకున్నాను. ఆ పై వారం, గురువారం నాడు, అమ్మ ఫోన్ చేసింది.

పంతానికి ఆ గోడవైపే చూడటం మానేసిన నేను, ఆ రోజు వెళ్ళేసరికి పడవ వాకిట్లో నిలబెట్టే ఉంది. అడ్డంగా, గేటు దాకా. పాడె తీసుకెళ్ళడానికి దారి లేదు. ఎవరో చుట్టాలబ్బాయి తాళ్ళు కోసేద్దామని కత్తి తీశాడు.

“ఏయ్, కత్తి లోపలెట్టు” అన్నాడు నలుగురు రిగ్గర్లలో పెద్దాయన. “ఆడు కట్టిన తాడు కోత్తావేటి? ముడి కట్టినోడే ఇప్పాల.”

“కట్టినోడు పోనాడు కదా బాబూ.”

“అయితే ఇప్పకండి. ఎత్తండి.”

ఎత్తడమూ అంత తేలిగ్గా కాలేదు. ముందు నుంచి ఎత్తాలని ఇద్దరు, వెనక నుంచి అని ఇద్దరు. “పహలే ఆగే సే.” “అరే, పీఛే సే, బోలా నా.” పది నిమిషాలు. గదిలో పెదనాన్న అలా పడుకుని వింటూ ఉంటే, లేచొచ్చి నలుగురినీ తిట్టి చెప్తారేమోనని నాకు నిజంగా అనిపించింది. చివరికి స్తంభంతో సహా ఎత్తి, గోడవారకు జరిపారు. జరుపుతున్నప్పుడు పైన ఏదో టక్ టక్‌మంది. ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా.

పదకొండో రోజు కర్మ అయ్యాక, మర్నాడు సాయంత్రం పెద్దమ్మ దగ్గర కూర్చోవడానికి వెళ్ళాను. చుట్టాలందరూ వెళ్ళిపోయారు. వాకిట్లో గాలి వేస్తోంది. మళ్ళీ అదే చప్పుడు. టక్. కాసేపాగి, టక్.

తలెత్తి చూశాను. పక్క తీగ ఊగి స్తంభానికి తగులుతోంది. కిందికి చూస్తే మరతిప్పే బిగింపులు లేవు. వాటి స్థానంలో, పడవతో వచ్చిన రంధ్రాల రేకు. పిన్ను పైనుంచి నాలుగో రంధ్రంలో ఉంది. నేను బొమ్మలో చుక్క పెట్టిన రంధ్రం.

“పెద్దమ్మా, ఇది ఎప్పుడు మార్చారు?”

“ఆ కాయితం వచ్చిన కాడి నుంచీ దాంతోటి తగువే. తింటన్నా అదే, తొంగున్నా అదే. ఆదోరం పూట మొత్తం ఇప్పి మల్లీ కట్టినాడు. సాయంత్రం ఇప్పవేటి అని నానడిగితే, ఉండనీ, గుంట సూడాల అన్నాడు. నువ్వొత్తావని నాలుగు దినాలు అలాగే ఒగ్గీసేడు.”

లోపలికి వెళ్ళి, అద్దం వెనక నుంచి కాగితం తీసుకొచ్చి ఇచ్చింది. నేను రాసిన మొదటి వాక్యం పక్కన పెన్సిలుతో ‘తప్పు’ అని ఉంది. దాన్ని కొట్టేసి, కింద ‘ఎందుకు?’ అని ఉంది. బొమ్మ చుట్టూ వేలిముద్రల మసి. అట్టడుగున, పెద్ద అక్షరాలతో, పెన్సిలు గట్టిగా నొక్కి, ‘సరే. గట్టిగా చెప్పుండాల్సింది.’

అప్పుడు కూడా చివరి మాట ఆయనదే.

“ఆ నలుగురూ ఆదోరం వత్తారట. దీన్నేటి సెయ్యమంటావు, ఇప్పించీమంటావా?” అంది పెద్దమ్మ.

“వద్దు” అన్నాను. వీధిలో సైకిలు మీద పోతున్న ఎవరో ఆగి నాకేసి చూశాడు. “డిమ్నాకి తీసుకెళ్తాం. పుస్తకం నేను చదువుతాను.”

పెద్దమ్మ దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను స్తంభం మీద ఒక అరచెయ్యి ఆనించి తోశాను. ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు అది మెల్లగా తిరిగింది. పైన తీగ ఒకసారి బిగిసి, మళ్ళీ వదులైంది. టక్.